వేయని ముగ్గు

ఇందుమతిని మొట్టమొదట భయపెట్టింది వేయని ముగ్గు.

ఆ రోజు కుళాయి నీళ్లు అరగంట ముందే వచ్చేశాయి. బిందెలు నింపే హడావిడిలో వాకిలి ఊడ్చి నీళ్లు చల్లింది గానీ ముగ్గు పెట్టడం ఆలస్యమైంది. ముగ్గుడబ్బా పట్టుకుని ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి భర్త వీరభద్రం పక్కనున్న రేకుల షెడ్డుకి బయల్దేరి మెట్టు దిగుతున్నాడు. దిగినవాడు తడినేల మీద ఒక్క క్షణం ఆగాడు. లుంగీ కాస్త పైకెత్తి పట్టుకుని, ఎడమపక్కకి జరిగి, దేన్నో తొక్కకుండా చుట్టు తిరిగి వెళ్లాడు.

"ఇవాళ మెలికలు బాగా కుదిరాయి, ఇందూ," అన్నాడు షెడ్డు గొళ్లెం తీస్తూ.

ఇందుమతి నేలకేసి చూసింది. తడి సిమెంటు తప్ప ఏమీ లేదు. చేతిలో డబ్బాకి మూత ఇంకా తీయనే లేదు.

హాస్యమాడాడేమో అనుకుందామంటే, చూపు విషయంలో హాస్యాలాడే మనిషి కాదతను. వీరభద్రం కళ్లు పోయి తొమ్మిదేళ్లు. ఆటోనగర్‌లో టర్నర్‌గా ఉన్న రోజుల్లో పక్క మిషను మీద గ్రైండింగ్ చక్రం పగిలి ముక్కలు మొహాన తగిలాయి. మూడేళ్లు చీకట్లో కూర్చున్నాక ఒక పరిశోధన సంస్థవాళ్లు తమ ప్రయోగానికి ఎంచుకున్న పదకొండుమందిలో అతని పేరు వచ్చింది. తల వెనకభాగంలో, మెదడు మీద, గోరంత పలక అమర్చారు. కళ్లజోడులో చిన్న కెమెరా పెట్టారు. కెమెరా చూసింది నడింట్లో ఉన్న కంప్యూటర్‌కి చేరుతుంది. ఆ కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు దాన్ని మెదడుకి అర్థమయ్యే చుక్కలుగా మార్చి, జుట్టులో అయస్కాంతంతో అతుక్కుని ఉండే బిళ్లకి పంపుతుంది. బిళ్ల పలకకి అందిస్తుంది. అది అందేది ఇల్లూ, షెడ్డూ, వీధిలో మరో పాతిక గజాల వరకే. అది దాటితే మళ్లీ చేతికర్రే.

అలా వచ్చిన చూపు బూడిదరంగుది. దోమతెరలోంచి చూసినట్టు, ఆగి ఆగి కదిలేది. అయినా దానితోనే వీరభద్రం ఇంటిపక్కన షెడ్డు వేసుకుని, ఇనుము తిప్పి చెక్కే పాత లేతు మిషను ఒకటి కొని, మళ్లీ టర్నరయ్యాడు.

మూడేళ్ల క్రితం ఆ సంస్థ మూతపడింది. కంప్యూటర్ పాతబడింది. దానికి మిగిలిన దిక్కల్లా అక్కడ టెక్నీషియన్‌గా పనిచేసిన ఇబ్రహీం ఒక్కడే. ఇప్పుడాయన నంద్యాలలో పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతున్నాడు. పోతూ పోతూ కంప్యూటర్ మీద ఒక కాగితం అంటించిపోయాడు. 'ఎప్పుడూ ఆపవద్దు. ఆపవలసివస్తే ముందు నాకు ఫోన్ చేయాలి.'

ఆ కాగితం మీద ప్రతి దసరాకీ ఒక కుంకుమబొట్టు చేరేది. మహర్నవమినాడు ఆయుధపూజకి లేతూ, డ్రిల్లింగ్ మిషనూ, సుత్తులూ, స్పానర్లూ అన్నీ కడిగి తుడిచి గంధం రాసి పక్కన పెట్టేవాళ్లు. ఆ రోజు ఏ పనిముట్టునీ పనిలో పెట్టకూడదు. కంప్యూటర్‌కి మాత్రం బొట్టు పెట్టి, నడవనిచ్చేవాళ్లు.

ఈ ఏడు వీరభద్రం పట్టుబట్టాడు.

"లేతుకి సెలవు, స్పానరుకి సెలవు. నా కళ్లు చేసుకున్న పాపం ఏంటంట?" అన్నాడు. "ఒక్క రోజు చీకట్లో కూర్చుంటే నేనేమీ అరిగిపోను. ఆపెయ్యి."

"ఇబ్రహీం గారికి ఒక మాట చెప్పి..."

"పండగపూట ఆయన్నెందుకే ఇబ్బంది పెట్టడం? పేపరు మీద రాసినవన్నీ చేస్తామా ఏంటి? మందుసీసా మీద బాగా కుదపమని రాస్తే ఎప్పుడన్నా కుదిపావా?"

ఇందుమతి ఆపింది. ఆరేళ్లలో మొదటిసారి. తెర మీద నీలంరంగు పరుచుకుని, ఏవో మార్పులు జరుగుతున్నాయనీ, కరెంటు తీయవద్దనీ రాసి ఉంది. శాతాలు ఒక్కొక్కటే పెరిగి నూరయ్యాయి. గంధం రాసి, పూలు పెట్టి, అలవాటు ప్రకారం తెర మీద గుడ్డ కప్పేసింది. మర్నాడు విజయదశమినాడు మీట నొక్కింది. కళ్లజోడు పెట్టుకున్న వీరభద్రం కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు.

"ఇందూ! తెర తీసేసినట్టుందే! రంగులొచ్చాయి. నీ చీర పచ్చది. గోడ మీద బల్లి కూడా కనపడుతోంది!"

ఆ సాయంత్రం ఇబ్రహీంకి ఫోన్ చేసి సంగతి చెప్పాడు కూడా. అటునుంచి వస్తున్న మాట పూర్తిగా వినకుండా, "అదే, డ్రైవరో ఏదో మారిందన్నారు కదా, కొత్తవాడు బండి భలే మెత్తగా తోలుతున్నాడండీ," అని నవ్వి పెట్టేశాడు. ఇందుమతి అప్పుడు గారెలు వేయిస్తోంది.

ఇది జరిగి అయిదు రోజులు. ఇప్పుడు వేయని ముగ్గుని తప్పించుకుని వెళ్లాడు.

ఇందుమతి ఆ పూట ముగ్గు వేయలేదు. డబ్బా లోపల పెట్టేసి, మామూలుగా పనులు చేసుకుంటూ, భర్తని కనిపెట్టి చూడసాగింది. వంటింట్లో ఎడమవైపు అరలో ఉండే ఉప్పుజాడీని తీసి కుడివైపు అరలో, అతని కంటికి సూటిగా ఆనేచోట పెట్టింది. పదింటికి మజ్జిగ తాగడానికి వచ్చిన వీరభద్రం చేయి ఎడమ అరలోకే చాచాడు. ఖాళీలో వేళ్లు ముడిచాడు. తెరిచాడు. మళ్లీ ముడిచాడు.

"ఏంటే ఇది, చేతికందదేం?" అన్నాడు.

"ఏమిటండీ అందనిది?"

"జాడీ. కనపడుతూనే ఉంది." కళ్లజోడు సవరించుకున్నాడు. "కొత్త చూపు కదా. దూరాలు ఇంకా పట్టుబడలేదు."

కుడివైపు అరలో తెల్లటి పింగాణీ జాడీ అతని మొహానికి మూరెడు దూరంలో ఉంది. దానివైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఇందుమతి జాడీ తీసి చేతికిచ్చింది. 

అతను షెడ్డుకి వెళ్లగానే నంద్యాలకి ఫోన్ చేసింది. ఇబ్రహీం క్లాసులో ఉన్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళ తనే చేశాడు. ముగ్గు సంగతీ, జాడీ సంగతీ అంతా విన్నాడు. 

"పండగనాడు సార్ ఫోన్ చేసినప్పుడే గట్టిగా అడుగుదామనుకున్నానమ్మా. ఆయన సంతోషంలో ఉన్నారు. నేనూ నోరు మూసుకున్నాను. తప్పు నాదే."

"తప్పులు తరువాత లెక్కపెట్టుకుందాం గానీ, ఏం జరుగుతోందో చెప్పండి."

"ఆ గ్రాఫిక్స్ కార్డు ముసలిదమ్మా. సెకనుకి పన్నెండు బొమ్మలకంటే గీయలేదు. అందుకే సార్‌కి చూపు ఆగి ఆగి నడిచేది. దాన్ని నడిపించే డ్రైవర్ ప్రోగ్రామ్ మేం ప్రత్యేకంగా రాసుకున్నది. మీరు ఆపి తెరవగానే, ఎప్పటినుంచో కాచుకుని ఉన్న అప్‌డేట్ దాన్ని తీసేసి కొత్త డ్రైవర్ ఎక్కించింది. ఈ కొత్తది పన్నెండు బొమ్మలకి అరవై చూపిస్తుంది. మిగతా నలభై ఎనిమిదీ..."

"ఎక్కడివి?"

"అల్లుతుందమ్మా. ఇక్కడ ఇది ఉండాలి కదా అని ఊహించి గీసేస్తుంది. కంప్యూటర్‌లో ఆటలు ఆడుకునేవాళ్లకి అదొక సౌకర్యం. ఊహించడానికి దానికేదో ఆధారం కావాలి కదా. మేం పరిశోధన కోసమని సార్ చూసిందంతా ఆ కంప్యూటర్లోనే దాచాం. ఆరేళ్ల మీ ఇల్లు దాని కడుపులో ఉంది. రోజులు గడిచేకొద్దీ అది కెమెరాని చూడడం తగ్గించి, కడుపులోంచి తీసి చూపిస్తోందని నా అనుమానం."

ఇందుమతి షెడ్డువైపు చూసింది. లేతు మిషను తిరుగుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది.

"ఇబ్రహీం గారూ, ఆయన ఆ షెడ్డులో తిరిగే ఇనుము దగ్గర చేతులు పెట్టి పనిచేస్తున్నారు."

"ఆపించండమ్మా. ముందు ఆపించండి."

ఆమె పరుగున వెళ్లి షెడ్డు మెయిన్ కట్టేసింది. వీరభద్రానికి కోపమొచ్చింది. కరెంటు పోలేదని తెలిశాక ఇంకా వచ్చింది. విషయం చెబితే నవ్వాడు. మధ్యాహ్నమంతా ఇంట్లోనే కూర్చుని సణిగాడు.

"ఆరేళ్లు మచ్చల్లో మచ్చనై బతికాను. ఇప్పుడు బాగా కనపడుతుంటే నీకు కొత్త భయాలు. ముగ్గు నువ్వే వేసి నువ్వే మరిచిపోయుంటావు. వయసొచ్చింది, ఒప్పుకో."

ఇందుమతి వాదన పెట్టుకోలేదు. నాలుగయ్యేదాకా ఆగింది.

ఆ ఇంట్లో నాలుగింటికి టీ. ఆరేళ్లుగా ఒక్కరోజు కూడా తప్పలేదు. ఆమె పొయ్యి ముందు నిలబడి టీ కాచడం, అతను వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కబుర్లు చెప్పడం. ఆ రోజు నాలుగు కొట్టగానే ఆమె చెప్పులు లేకుండా, గాజులు పైకి లాక్కుని, వంటింట్లోకి వెళ్లకుండా అతని వీపు వెనక, నడింటి గోడకి ఆనుకుని నిలబడింది. వీరభద్రం పీట లాక్కుని గుమ్మంలో కూర్చున్నాడు. పొయ్యివైపు చూశాడు. పొయ్యి ఆరిపోయి ఉంది. దాని ముందు ఎవరూ లేరు.

"కోపమొచ్చిందా?" అన్నాడు పొయ్యితో. "సరేలే, నువ్వన్నట్టే ఆ ఇబ్రహీంని ఒకసారి రమ్మందాం. అల్లం దంచి వెయ్యవే, గొంతు బాగాలేదు."

కాస్త ఆగాడు. జవాబు విన్నవాడిలా తల ఊపాడు.

"నవ్వుతావేం? నిజంగానే బాగాలేదు."

 ఇందుమతి నోటికి చెంగు అడ్డుపెట్టుకుంది. తను ఇక్కడ నిలబడి ఉండగానే తన భర్త తనతో అక్కడ మాట్లాడుతున్నాడు. ఎలాగో రెండడుగులు ముందుకి వేసి, అతని భుజం మీద చేయి వేసింది.

వీరభద్రం కొయ్యబారిపోయాడు. తల తిప్పలేదు. పొయ్యివైపు చూస్తూనే, భుజం మీది చేతిని తన చేత్తో తడిమాడు. వేళ్లు, ఉంగరం, మణికట్టు మీద పాత కాలిన మచ్చ.

"ఇందూ," అన్నాడు, "నీ రెండు చేతులూ అక్కడ గిన్నె పట్టుకుని ఉన్నాయి."

"నేను ఇక్కడున్నానండీ. మీ వెనకాల."

"మరి అక్కడున్నదెవరు?"

జవాబు చెప్పేలోపే అతను కళ్లజోడు లాగి అవతల పడేశాడు. జుట్టులోని బిళ్ల పీకేశాడు. చిన్నపిల్లాడిలా ఆమె నడుము రెండు చేతులతో చుట్టుకుని మొహం దాచుకున్నాడు.  

 ఉన్నట్టుండి మనిషి బిగుసుకుపోయాడు.

"ఇందూ. పిన్నులు."

"ఏ పిన్నులు?"

"పైడిరాజు పిన్నులు. ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్."

ఏటా దసరాకి నది ఒడ్డున ఎగ్జిబిషన్ పెడతారు. శ్రీకాకుళం నుంచి వచ్చే పైడిరాజు అక్కడ జెయింట్ వీల్ తిప్పుతాడు. తొట్లు వేలాడే పిన్నులు అరిగితే కొత్తవి వీరభద్రమే చేసిస్తాడు. ఈసారి కొత్త చూపుతో ఆరు చేశాడు. మొన్న పైడిరాజు పట్టుకెళ్లాడు. ఎవరికి ఏది చేసినా ఒకటి అదనంగా చేసి దగ్గర ఉంచుకోవడం అతని పద్ధతి.

"అది బల్ల సొరుగులో ఉంటుంది. మందం కొలిచే వెర్నియర్ కూడా తీసుకురా. నువ్వు చూడగలవా?"

డిగ్రీలో ఫిజిక్స్ ప్రాక్టికల్స్ తరువాత ఇందుమతి వెర్నియర్ ముట్టుకోలేదు. పిన్నుని దాని దవడల మధ్య పెట్టి, కిటికీ దగ్గర వెలుతురులో గీతలు చూసింది. మళ్లీ చూసింది. మూడోసారి చూసింది.

"ఎంతుండాలండీ?"

"నలభై మిల్లీమీటర్లు."

"ముప్పై ఎనిమిదుంది."

వీరభద్రం చేయి చాచి పిన్ను తీసుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ దాని చుట్టూ తిప్పాడు.

"పైడిరాజు ఏటా నలభై అయిదు కడ్డీ తెస్తాడు. ఈ ఏడు దొరకలేదని నలభై మూడు తెచ్చాడు. నేను ఎప్పటిలాగే కోతలు కోసుకుంటూ పోయాను, కొలిచినప్పుడల్లా ఎప్పటిలాగే లెక్క కనిపించింది. చేతికి సన్నగా తగిలిందే ఇందూ! నాకు తెలిసింది. కంటికి సరిగ్గా ఉంది కదా అని చేతిని నోరు మూసుకోమన్నాను."

గడియారం అయిదుకి పది నిమిషాలు చూపిస్తోంది. ఎగ్జిబిషన్ తెరిచేది నాలుగున్నరకి.

ఇందుమతి నంబరు కలిపి ఫోన్ అతని చెవి దగ్గర పెట్టింది. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి మైకుల రొదలోంచి పైడిరాజు గొంతు వచ్చింది.

"ఏటి బాబూ, తిరునాళ్లేలకి ఫోన్ సేస్తన్నావు? జనం ఎక్కుతున్నారు."

"పైడిరాజూ, వీల్ ఆపు."

"ఏటీ?"

"వీల్ ఆపు. పిన్నులు రెండు మిల్లీమీటర్లు తక్కువొచ్చాయి."

"కాస్త ఒదులుగుంటే రేకుముక్క సుట్టి బిగించేసినాం బాబూ. రెండు రోజుల బట్టి తిరగతంది. ఏటీ అవలేదు. నీ కొలతెప్పుడన్నా తప్పిందా, నాకు తెలీదేటి?"

వీరభద్రం పెదవులు తడుపుకున్నాడు. అతని దగ్గరికి పని తెచ్చేవాళ్లందరికీ అతనివి మిషను కళ్లని తెలుసు. తెలిసే తెస్తారు. 'నాకు కనపడలేదు' అన్న మాట ఈ ఆరేళ్లలో అతను ఎవరి దగ్గరా అనలేదు. అంటే ఇంకెవరూ పని తేరని ఇందుమతికి తెలుసు. 

"తప్పింది," అన్నాడు వీరభద్రం. "నాకు కనపడలేదు పైడిరాజూ. నా కళ్లు పాడైపోయి అయిదు రోజులైంది. అవి గుడ్డివాడు చేసిన పిన్నులు. జనాన్ని దించు."

 పైడిరాజు ఎవరినో గట్టిగా కేకేయడం వినిపించింది. ఫోన్ తెగిపోయింది.

ఆ తరువాతి పావుగంట ఇద్దరూ వంటింటి గుమ్మంలోనే కూర్చున్నారు. వీరభద్రం ఆమె చీర చెంగు గుప్పిట్లో పట్టుకుని వదల్లేదు. వీధిలో ఏదో బండి హారన్ కొట్టింది. ఇద్దరూ ఒక్కసారే ఉలిక్కిపడ్డారు. ఎగ్జిబిషన్ వైపు నుంచి ఏ కేక వినిపిస్తుందోనని, అది రెండు మైళ్ల దూరమని తెలిసీ, చెవులు రిక్కించారు. ఫోన్ మోగగానే ఇందుమతి ఎత్తి అతని చెవి దగ్గర పెట్టింది.

"దింపేసినాం," అన్నాడు పైడిరాజు. రొద లేదు. అతని గొంతు కూడా చిన్నదైపోయింది. "ఆఖరి తొట్లో తల్లీపిల్లలున్నారు. దింపి సూస్తే ఆ తొట్టి పిన్ను సగం బయటికొచ్చేసుంది బాబూ. రేకుముక్క ఎక్కడో పడిపోనాది."  "ఇంకో రెండు సుట్లు తిరిగుంటే... ఉంటాను."

ఆ రాత్రి ఇద్దరూ అన్నం కెలికి లేచారు.

ఇబ్రహీం చెప్పినట్టు మర్నాడు పొద్దున్నే, మంచి వెలుతురులో, ఇందుమతి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఫోన్ స్పీకర్లో పెట్టి, పక్కన కాగితమూ పెన్నూ పెట్టుకుంది. వీరభద్రం ఆమె పక్కనే కుర్చీలో. కళ్లజోడూ, బిళ్లా బల్ల మీద గోడవైపు తిరిగి పడున్నాయి.

"బిళ్ల తల మీద లేదు కదమ్మా? డ్రైవర్ తీసేటప్పుడు పలకకి పిచ్చిపిచ్చి సంకేతాలు వెళితే సార్‌కి ఫిట్స్ రావచ్చు."

"లేదు. బల్ల మీద ఉంది."

తెర మీది గుడ్డ తీసింది. తీసి, చేయి అలాగే గాల్లో ఉంచేసింది.

కళ్లజోడు గోడని చూస్తోంది. తెర మీద మాత్రం గోడ లేదు. వంటిల్లుంది. పొద్దుటి ఎండ కిటికీలోంచి పొయ్యి మీద పడుతోంది. పచ్చచీర కట్టుకున్న ఒక ఆడమనిషి కాఫీ ఫిల్టరు మీద మూత పెట్టి, చేతులు చెంగుకి తుడుచుకుని, ఇటు తిరిగి నవ్వింది. ఇందుమతి తన మొహాన్ని తనే చూసింది. అది ఏ రోజుదీ కాదు. అన్ని రోజులూ కలిపి నున్నగా ఇస్త్రీ చేసినట్టుంది.

"ఏం కనపడుతోందమ్మా?" అన్నాడు ఇబ్రహీం.

"నేను," అంది ఇందుమతి.

వీరభద్రం ఆమె చేయి వెతికి పట్టుకున్నాడు. "పాతది పెట్టక తప్పదా?" అన్నాడు మెల్లగా. "తప్పదులే. నాకూ తెలుసు. కానీ పాతదాంట్లో నీ మొహం ముక్కూ మూతీ తెలియని మచ్చ. ఈ అయిదు రోజులూ నిన్ను చూశాను, ఇందూ. నవ్వుతూ ఉన్నావు."

ఈ అయిదు రోజుల్లో తాను నవ్విందా? పండగ పనులు, నడుంనొప్పి, తరువాత ఈ భయం. ఎంత గుర్తుచేసుకున్నా ఒక్క నవ్వు కూడా తట్టలేదు ఆమెకి.

"ముందు ఇంటర్నెట్ తీగ పీకెయ్యండి," అన్నాడు ఇబ్రహీం. "లేకపోతే మనం తీసినకొద్దీ అది మళ్లీ తెచ్చుకుంటుంది."

పీకింది. డివైస్ మేనేజర్ తెరిచి కార్డు పేరు మీద నొక్కింది. పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్లే మీట వెలిసిపోయి ఉంది, నొక్కినా పనిచేయలేదు. కొత్త డ్రైవర్‌ని వెతికి, తొలగించమంది. నిజంగానే తొలగించమంటారా అని అడిగింది కంప్యూటర్. తెర మూలన చిన్న గడిలో ఆ పచ్చచీర మనిషి అన్నం వారుస్తోంది. ఇందుమతి అవునని నొక్కింది. చిన్న గడి నల్లబడింది. మిగతా తెర మీద అక్షరాలు గడ్డల్లా పెద్దవైపోయాయి.

పాత డ్రైవర్ సీడీ బట్టల బీరువాలో, పెళ్లినాటి చీర మడతలో ఉంది. పోకుండా ఉండాలని ఆమే అక్కడ పెట్టింది. పెడితే కంప్యూటర్ చదవనంది. మెత్తటి పాత వాయిల్ గుడ్డతో, లోపలినుంచి బయటికి, తుడిచి పెట్టింది. ఈసారి చదివింది గానీ, దీనికి సంతకం లేదు, నమ్మనంటూ నిరాకరించింది.

"ఎవరి సంతకం కావాలట?" అన్నాడు వీరభద్రం. "సంస్థే లేదు కదా పెట్టడానికి."

"మళ్లీ తెరిచేటప్పుడు ఆ పట్టింపు మానమని చెప్పాలి సార్. జాబితాలో ఏడోది నొక్కండమ్మా."

ఏడోది నొక్కింది. ఈసారి ఎక్కించుకుంది. తిరిగి తెరుచుకుంటానంది. తెర నల్లబడింది. అలాగే ఉండిపోయింది. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. పెట్టెలో కార్డు ఫ్యాను చప్పుడు లేదు. 

"పోయిందా?" అన్నాడు వీరభద్రం.

ఇందుమతి కరెంటు తీసేసి, పెట్టె పక్కరేకు విప్పింది. లోపల చూసి ఆమెకి సిగ్గేసింది. ఫ్యాను రెక్కలకి ఆరేళ్ల గంధం, ఎండిన పూరేకులు, కుంకుమ దుమ్ము అట్టకట్టి ఉన్నాయి. తెర మీద దుమ్ము రోజూ తుడిచిన మనిషి, రేకు వెనక ఏముందో ఒక్కసారి చూడలేదు. కుంచెతో అంతా రాల్చింది. ఇబ్రహీం చెప్పినట్టు కార్డు బయటికి తీసి, దాని అంచున వరసగా ఉన్న బంగారురంగు గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దింది. రబ్బరు నల్లబడింది. కార్డు మళ్లీ గాడిలో పెట్టి, టక్కుమనేదాకా నొక్కింది.

మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది. తెర మీద ఏదీ కదలని, మాసిన బూడిదరంగు. కాసేపటికి గానీ అది గోడ అని ఆమెకి అర్థం కాలేదు. సున్నం పెచ్చూడిన తమ గోడే. అంత అందమైన గోడని ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఆ ఆరేళ్ల రికార్డూ ఇంకా లోపలే ఉందమ్మా. పాత డ్రైవర్ దాన్ని ముట్టుకోదు. ఉంచుతారా, తుడిచేస్తారా?"

"తుడిచెయ్యి ఇందూ," అన్నాడు వీరభద్రం, ఆమె అడగకముందే.

తుడవడానికి నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ అతను తల వంచుకుని కూర్చున్నాడు. అయ్యాక బిళ్ల పెట్టుకుని, కళ్లజోడు తగిలించుకుని, ఆమె మొహంవైపు చాలాసేపు చూశాడు.

"మచ్చవి," అన్నాడు. "ఉన్నావా?"

"ఉన్నాను."

ఆ ప్రశ్న తరువాత ఆ ఇంట్లో మామూలైపోయింది. చూస్తూ ఉండి కూడా అడుగుతాడు, ఇందూ ఉన్నావా అని. ఏ పనిలో ఉన్నా ఆమె పలుకుతుంది. పైడిరాజు పిన్నులు ఇంకో దగ్గర చేయించుకున్నాడు. అతనితోపాటు మరో నలుగురు రావడం మానేశారు. మిగిలిన చిన్నచిన్న పనులకి ఇందుమతి షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని వెర్నియర్ చూసి చెబుతుంది. ఆమె చెప్పాక కూడా అతను వేళ్లతో ఒకసారి తడిమి చూసుకుంటాడు.

కంప్యూటర్ బాగుచేసిన ఎనిమిదో రోజు పొద్దున్న ఆమె కావాలనే ముగ్గు వేయలేదు. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, డబ్బా చెంగుచాటున పెట్టుకుని, గుమ్మం పక్కన నిలబడింది.  వీరభద్రం మెట్టు దిగాడు. తడినేల దగ్గర ఆగాడు. లుంగీ పైకెత్తి పట్టుకున్నాడు.

ఇందుమతి గోడ పట్టుకుంది.

అతను గొంతుక్కూర్చున్నాడు. చూపుడువేలితో నేల మీద మెల్లగా, ఈ చివరినుంచి ఆ చివరికి, రాశాడు. వేలు ఎత్తి మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. బొటనవేలితో రుద్ది చూశాడు. ఏమీ అంటలేదు.

"ఏంటే," అన్నాడు, ఆమె ఎక్కడుందో తెలియక వీధివైపు తిరిగి, "ఇవాళ ముగ్గెయ్యలేదూ?"

ఇందుమతి డబ్బా మూత తీసింది. పిండి కాస్త మెట్టు మీద ఒలికింది.